గేదె ఎద చేజారకుండా 21 రోజుల లెక్క పట్టుకోవడం ఎలా?

"ఈని ఐదు నెలలైందండీ, ఇంకా ఎదకు రాలేదు." పాల కేంద్రం దగ్గర క్యాన్లు దించుకుంటూ రోజూ ఎవరో ఒకరు అనే మాట ఇది. నేనూ చాలా ఏళ్లు అన్నాను. ఇప్పుడు అనను. ఆ మాట వినిపించే చాలా కొట్టాల్లో గేదె ఎదకు, అంటే కట్టుకు సిద్ధమయ్యే వేళకు, వస్తూనే ఉంది, ఎవరూ చూడకుండానే చల్లారిపోతూనే ఉంది. అర్ధరాత్రి దాటాక మొదలై, మనం పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చేసరికి మామూలుగా నెమరేస్తూ పడుకుని ఉంటుంది. ఆవులా గోల చేయదు. తోటి గేదెల మీద ఎక్కడం కూడా అరుదే. దీన్నే మూగ ఎద అంటారు.

ఒక్క ఎద చేజారితే మూడు వారాలు పోయినట్టే. ఆ మూడు వారాలూ మేపు ఆగదు, తవుడు ఆగదు, చెక్క ఆగదు. రెండు చేజారితే నెలన్నర. మూడోది పట్టుకుందాం అనుకునేలోపు ఎండలు ముదురుతాయి, ఇక దసరా దాకా ఎదురుచూపే. ఏడాది, పదమూడు నెలలకు ఈనాల్సిన గేదె అలా రెండేళ్లకోసారి ఈనుతుంది.

మాది పాలకొల్లు వైపు. కొట్టంలో ఎనిమిది గేదెలు, అన్నీ గ్రేడెడ్ ముర్రాలే, అంటే ముర్రా జాతితో సంకరం చేసి మెరుగుపరిచినవే. ఈ లెక్క నాకు ఎలా పట్టుబడిందో, మీ కొట్టంలో మీరెలా పట్టుకోవచ్చో వరసగా చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదవండి. మొదట్లో గర్భసంచి పక్కన ఉండే అండాశయం గురించి చెప్పాలి. అది తెలియకుండా ఎన్ని చిట్కాలు చెప్పినా గాలికి పోతాయి.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

ఒకసారి మా ఊళ్లో పశువైద్య శిబిరం పెట్టారు. స్కానింగ్ మిషన్ తెచ్చారు, మన ఫోన్ కంటే కొంచెం పెద్ద స్క్రీన్. మా బొల్లి గేదెకు చూస్తూ డాక్టర్‌గారు నన్ను పిలిచి, "ఇదిగోనమ్మా, ఇక్కడ నల్లగా గుండ్రంగా ఉంది చూడు, ఇదే ఫాలికిల్. దీంట్లోనే గుడ్డు ఉంటుంది" అన్నారు. బూడిదరంగు మసక మధ్యలో నల్లటి చుక్క. దాని చుట్టూ ఇంకో నాలుగైదు చిన్న చుక్కలు. పక్కనే కొంచెం ముదురు బూడిదరంగులో ఒక ముద్ద. "ఆ ముద్ద ఉన్నంతకాలం ఈ ఫాలికిల్ ఎంత పెరిగినా పగలదు, నీ గేదె ఎదకు రాదు" అన్నారు. ఇన్నేళ్లు నేను గేదెను బయటి నుంచే చూశానని ఆ రోజు అర్థమైంది.

గేదె అండాశయం చాలా చిన్నది. బాదం గింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. పుట్టేటప్పుడే అందులో గుడ్ల నిల్వ ఉంటుంది, ఆ తర్వాత కొత్తగా చేరేది ఏమీ ఉండదు. ఆవుకు ఆ నిల్వ లక్ష పైచిలుకు ఉంటే గేదెకు పది, ఇరవై వేలకు మించదు. ఒక్కో గుడ్డూ ఒక నీటిపొక్కు లాంటి తిత్తిలో ఉంటుంది. దాన్నే ఫాలికిల్ అంటారు, పుస్తకాల్లో అండపుటిక అని రాస్తారు.

ఈ పొక్కులు పెరిగే తీరు చూస్తే నాకు అరటి తోట గుర్తొస్తుంది. తల్లి చెట్టు చుట్టూ పిలకలు ఒక్కసారే నాలుగైదు లేస్తాయి. మనం ఒకదాన్ని ఉంచి మిగతావి కోసేస్తాం. అండాశయంలో కోసేవాళ్లు ఎవరూ ఉండరు. పెసరగింజంత పొక్కులు కొన్ని కలిసి లేస్తాయి, రెండు మూడు రోజులకు వాటిలో ఒకటి ముందుకు పోతుంది. అలా ముందుకు పోయింది తన హార్మోన్లతో మిగతావాటికి మేత అందకుండా చేస్తుంది. అవి ఎండిపోతాయి. మిగిలిన ఒక్కటీ మినపగింజంత, శనగగింజంత, చివరికి చిన్న రేగిపండంత అవుతుంది. అప్పటికి 12, 14 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇలా లేవడం ఒక్కసారితో అయిపోదు. విడతలుగా జరుగుతుంది. మన గేదెల్లో ఎక్కువ వాటికి ఒక ఎదకూ ఇంకో ఎదకూ మధ్య రెండు విడతలు, కొన్నిటికి మూడు.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. ఎద కనిపించిన రోజు సున్నా. మర్నాడో ఆ మర్నాడో గుడ్డు విడుదలవుతుంది. పొక్కు పగిలిన చోట నాలుగైదు రోజుల్లో ఒక ముద్ద కడుతుంది. డాక్టర్లు దాన్ని సీఎల్ అంటారు, నాకు స్క్రీన్ మీద చూపించిన బూడిదరంగు ముద్ద అదే. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ హార్మోన్ దాన్నుంచే వస్తుంది. ఆ రోజుల్లోనే మొదటి విడత పొక్కులు లేచి ఒకటి పెద్దదవుతుంది. కానీ సీఎల్ బలంగా ఉంది కాబట్టి ఆ పొక్కుకు పగిలే యోగం లేదు. పెరిగి పెరిగి అదే కరిగిపోతుంది. పదో రోజు, పదకొండో రోజు ప్రాంతంలో రెండో విడత లేస్తుంది. పదహారు, పదిహేడు రోజులకు గర్భసంచి చూసుకుంటుంది, లోపల పిండం ఏమైనా ఉందా అని. లేకపోతే తానే ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వదిలి సీఎల్‌ను కరిగించేస్తుంది. అడ్డు తొలగింది కదా, రెండో విడతలో పెద్దదైన పొక్కు ఇక ఆగదు. దాని నుంచి ఈస్ట్రోజన్ ఎక్కువై గేదె ఎదకు వస్తుంది. 21, 22 రోజులకు ఒక చుట్టు పూర్తి. మూడో విడత కూడా ఉన్న గేదెకు 24 రోజులు పడుతుంది.

ఇందులోంచి మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. "21వ రోజు చూశాను, రాలేదు" అని వదిలేయకండి. మీ గేదె మూడు విడతలది కావచ్చు. 17వ రోజు రాత్రి నుంచి 25వ రోజు దాకా కాపు కాయాలి. ఏ గేదెకు ఎన్ని విడతలో రెండు మూడు ఎదలు రాసుకుంటే మీకే తెలిసిపోతుంది.

గోడ మీద క్యాలెండర్, దాని పక్కన పెన్ను

నోట్‌బుక్ కొనకండి. నేను రెండు కొన్నాను, రెండూ ఇంట్లో బీరువాలోనే ఉండిపోయాయి. తేదీల కింద ఖాళీ గళ్లు ఉన్న పెద్ద క్యాలెండర్ కొట్టంలోనే, వాన తగలని చోట తగిలించండి. పెన్ను దారం కట్టి వేలాడదీయండి. రాయాల్సింది తక్కువే: ఏ గేదె, ఏం జరిగింది. ఈనిన తేదీ, మాయ పడిన తేదీ, ఎద కనిపించిన తేదీ, వేళ, సూది వేయించిన తేదీ. సూది అని మనం అనుకునేది వీర్యం ఎక్కించడాన్నే కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను. మందు ఇంజెక్షన్లను వేరుగా రాయండి.

ఎద కనిపించిన రోజే ముందుకు లెక్కపెట్టి రాబోయే కాపు రోజులకు గుర్తు పెట్టేయండి. నవంబరు 5న ఎద కనిపించిందనుకోండి, 22 నుంచి 30 దాకా గళ్లలో ఆ గేదె పేరు రాసేస్తాను. అప్పుడు కొట్టంలోకి ఎవరు వెళ్లినా, నేను ఊళ్లో లేకపోయినా, ఈ వారం ఎవరిని చూడాలో తెలుస్తుంది. మా మావయ్యగారికి చదువు రాదు, ఆయన కోసం ఒక్కో గేదెకు ఒక్కో రంగు చుక్క పెడుతున్నాం.

ఈనాక మొదటి 60 రోజులు సూది వేయించకండి. గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికే నెల, నెలన్నర పడుతుంది. అయితే ఆ రోజుల్లో కనిపించిన ఎదను రాయకుండా వదలకండి. 40వ రోజు ఎద కనిపిస్తే తర్వాతది 60 దాటాక వస్తుందని అప్పుడే తెలిసిపోతుంది. మాయ పడకపోయినా, ఈనిన మూడు వారాల తర్వాత కూడా చీము, చెడు వాసన ఉన్నా ముందు దానికి వైద్యం జరగాలి.

ఎప్పుడు చూడాలి, ఏం చూడాలి

రెండు వేళలు తప్పనిసరి. రాత్రి పడుకోబోయే ముందు తొమ్మిది, పది మధ్య ఒకసారి. తెల్లవారుజామున నాలుగున్నరకు, పితకడం మొదలుపెట్టక ముందే ఇంకోసారి. ఒక్కోసారి పావుగంట చాలు. కానీ ఆ పావుగంటా ఊరికే నిలబడి చూడాలి. పేడ తీస్తూ, గడ్డి వేస్తూ చూస్తే గేదెలన్నీ మేత వైపు లేస్తాయి, అసలు గుర్తులు దాగిపోతాయి.

నాకు బాగా గుర్తున్న తెల్లవారుజాము ఒకటుంది. డిసెంబరు, మంచు పట్టి ఉంది. బొల్లికి అది 22వ రోజు. పడుకుని ఉంది, మామూలుగానే నెమరేస్తోంది. ఏమీ లేదులే అనుకుని వెనక్కి తిరుగుతుంటే ఫోన్ లైటు నేల మీద పడి ఏదో మెరిసింది. దాని తోక కింద, సిమెంటు నేల మీద అరచేతిలో పట్టేంత జిగురు. కోడిగుడ్డు తెల్లసొనలా, అద్దంలా ఉంది. వేళ్లతో తీస్తే తెగకుండా సాగింది. లేచి నిలబడ్డప్పుడు చూస్తే మానం నుంచి ఏమీ వేలాడడం లేదు. గేదెతో వచ్చే చిక్కే ఇది. ఆవుకు తీగలు వేలాడుతూ దూరానికే కనిపిస్తాయి. గేదెకు జిగురు లోపలే నిలిచి, పడుకున్నప్పుడో మూత్రం పోసినప్పుడో కారుతుంది. కాబట్టి గేదెను నిలబెట్టి చూడడం ఒకటే సరిపోదు. పడుకున్న చోటు చూడండి. లేపాక వెనక నేల చూడండి. తోక వెంట్రుకలకు ఎండిన జిగురు పెచ్చులా అంటుకుని ఉందేమో తడిమి చూడండి.

మిగతా గుర్తులు కూడా చెబుతాను. మానం వాచి, మీద ముడతలు పోయి నున్నగా అవుతుంది. పెదవులు విప్పి చూస్తే లోపల ఎర్రగా, తడిగా ఉంటుంది. కొద్దికొద్దిగా మాటిమాటికీ మూత్రం పోస్తుంది, తోక పక్కకు ఎత్తి పెడుతుంది. పాలు సరిగ్గా చేపదు, పూట పాలు అర లీటరో లీటరో తగ్గుతాయి. కొన్ని గేదెలకు పితకకముందే చనుకట్లు బిగిసి ఉంటాయి. మేత మీద ధ్యాస తగ్గి చెవులు రిక్కించి అటూ ఇటూ చూస్తుంది. అన్ని గుర్తులూ ఒక్క గేదెలో వెతక్కండి. ఒకటి రెండు కనిపించి క్యాలెండర్ కూడా ఔనంటే అది ఎదే. క్యాలెండర్ లేకుండా ఒక్క పాలు తగ్గడాన్ని చూసి మాత్రం తొందరపడకండి. పాలు తగ్గడానికి వంద కారణాలు.

ఊళ్లో మంచి దున్నపోతు ఉంటే దాన్ని పొద్దున, సాయంత్రం గేదెల వెనకగా నడిపించడం అన్నిటికన్నా నమ్మకమైన పని. అది వాసన చూసి మూతి పైకెత్తి పై పెదవి ముడిచి ఒకేచోట నిలబడిపోయిందంటే మీరింకేమీ వెతకక్కర్లేదు. వేసెక్టమీ చేసిన దున్నపోతును ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పెట్టుకుంటే ఇంకా మేలు.

జిగురు తెల్లగా, మజ్జిగ తరకలు కలిసినట్టు ఉన్నా, పసుపు రంగులో వాసన వస్తున్నా అది గర్భసంచిలో చీము. ఆ ఎదకు సూది వద్దు. డాక్టర్‌కు చూపించి వైద్యం చేయించి, ఒక ఎద వదిలేసి తర్వాతదానికి వేయించండి.

సూది ఏ పూట వేయించాలి

ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది. గుడ్డు మాత్రం ఎదలో ఉండగా విడుదల కాదు. ఎద చల్లారాక ఇంకో 10, 14 గంటలకు విడుదలవుతుంది. విడుదలైన గుడ్డు కొద్ది గంటలే పనికొస్తుంది. కరిగించిన వీర్యంలోని కణాల ఆయుష్షు కూడా ఒక రోజుకు మించదు. పైగా లోపలికి వెళ్లాక అవి సిద్ధం కావడానికి కొన్ని గంటలు కావాలి. మరీ ముందు వేయిస్తే గుడ్డు వచ్చేసరికి వీర్యం చచ్చిపోతుంది, ఆలస్యమైతే గుడ్డే పాడైపోతుంది.

అందుకే పాత సూత్రమే ఇప్పటికీ మంచిది. తెల్లవారుజామున మొదటిసారి చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. మర్నాడు కూడా ఎద గుర్తులు గట్టిగానే ఉంటే 12 గంటల తేడాతో ఇంకో సూది వేయించండి. మూగ ఎద గేదెలకు ఎప్పుడు మొదలైందో మనకు తెలియదు కాబట్టి, చూసిన వెంటనే ఊళ్లో సూది వేసే గోపాలమిత్రకో డాక్టర్‌కో ఫోన్ చేసి విషయం చెప్పండి. వాళ్లు చెయ్యి పెట్టి చూసి గర్భసంచి బిగువును బట్టి చెబుతారు. మా బొల్లికి ఆ రోజు పొద్దున పదింటికే వేయించాం, సాయంత్రం దాకా ఆగలేదు. అది నిలిచింది.

సూది వేసేటప్పుడు మీరు చూడాల్సినవి ఇవి. నత్రజని క్యాన్ నుంచి తీసిన స్ట్రాను, అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని, గోరువెచ్చని నీళ్లలో, 37 డిగ్రీల వేడిలో, 30 సెకన్లు ఉంచాలి. చొక్కా జేబులోనో అరచేతిలోనో కరిగించడం సరికాదు. మొహమాటపడకుండా "నీళ్లు కాచి ఇస్తానండీ, థర్మామీటర్ ఉందా?" అని అడగండి. ఆ మాట అడిగే ఇంట్లో పని జాగ్రత్తగానే జరుగుతుంది. నీళ్లలోంచి తీశాక స్ట్రాను పొడిగా తుడవాలి, నీటి చుక్క తగిలినా వీర్యకణాలు చస్తాయి. కరిగాక ఆలస్యం చేయకుండా వాడేయాలి. స్ట్రా మీద ఉండే దున్నపోతు నంబరు క్యాలెండర్‌లో రాయండి. రేపు దాని కూతురికి అదే నంబరు పడకూడదు.

గేదెను ఎండలో నడిపించి తీసుకెళ్లడం, కర్రతో కొట్టి నిలబెట్టడం, సూది అవగానే మళ్లీ రోడ్డున పరిగెత్తించడం వద్దు. బెదిరిన గేదెలో గర్భసంచి కదలికలు దెబ్బతింటాయి. కొట్టంలోనే నీడన కట్టి, నీళ్లు పోసి కడిగి, నెమ్మదిగా చేయించండి.

ఆ తర్వాత మళ్లీ 17 నుంచి 25 దాకా కాపు. తిరిగి ఎదకు రాలేదు కాబట్టి చూడి కట్టిందని అనుకోకండి. మూగ ఎదలో వచ్చి పోయి ఉండవచ్చు. స్కానింగ్ దొరికితే నెల దాటాక, చేత్తో అయితే 60 రోజులకు చూడి పరీక్ష చేయించండి. మూడు సూదులైనా నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వస్తుంటే నాలుగోది వేయించడానికి ముందు డాక్టర్‌తో పూర్తిగా పరీక్ష చేయించాలి.

నిజంగానే ఎదకు రాకపోతే

రెండు నెలలు ఇలా కాపు కాసినా ఏమీ కనిపించకపోతే అప్పుడు అనండి, ఎదకు రాలేదని. డాక్టర్ చెయ్యి పెట్టి చూస్తే రెండిట్లో ఏదో ఒకటి తేలుతుంది. సీఎల్ ఉంటే గేదెలో ఎద చుట్టు లోపల చక్కగా తిరుగుతోంది, మీ కాపే తప్పింది. గేదెకు ఆ ముద్ద చిన్నదిగా, అండాశయంలో లోపలికి ఉంటుంది కాబట్టి ఒక్కోసారి చేతికి తగలదు కూడా, పదిరోజులాగి మళ్లీ చూపించాలి. రెండుసార్లూ అండాశయాలు నున్నగా, చిన్నగా ఉంటే అది అసలైన సమస్య. పొక్కులు లేస్తున్నాయి, కొంత పెరుగుతున్నాయి, పగిలే దాకా రాకుండానే ఎండిపోతున్నాయి.

అలాంటప్పుడు ఇంజెక్షన్ అడిగే ముందు గాటిపాడు చూడండి, కుడితి తొట్టి చూడండి. ఈ రోజు పగలబోయే పొక్కు మొన్న లేచింది కాదు. విడతల్లోకి రావడానికి ముందే అది రెండు మూడు నెలల పైగా కంటికి కనిపించనంత చిన్నగా లోపల పెరుగుతూ ఉంటుంది. ఆ నెలల్లో గేదె ఆకలితో ఉంటే ఆ లోటు ఇవాళ బయటపడుతుంది. ఈనాక పాలు దంచుకుని మేపు తగ్గించిన గేదెకు మూడో నెలలో ఎద రాకపోవడంలో వింత లేదు.

మన డెల్టాలో గేదె కడుపు నిండేది వరిగడ్డితో. కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ, భాస్వరం మరీ తక్కువ, అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు, పచ్చదనం లేదు కాబట్టి విటమిన్ ఏ కూడా ఉండదు. కాబట్టి పచ్చిమేత ఏదో ఒకటి తప్పనిసరి. సార్వా (వానాకాలం వరి) కోతలకు ముందు చేలో జనుము, పిల్లిపెసర చల్లుకునే అలవాటు మన పెద్దలకు ఉండేది. దాళ్వా (రెండో పంట వరి) వచ్చాక చాలా చోట్ల పోయింది. ఆ అవకాశం ఉన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టండి. కొబ్బరి తోట ఉన్నవాళ్లకు మొదళ్ల మధ్య సూపర్ నేపియర్ వస్తుంది. దాణా రెండు లీటర్ల పాలకు ఒక కిలో లెక్కన ఇవ్వండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. లవణ మిశ్రమం నెల రోజులు పెట్టి ఫలితం లేదని ఆపేసేవాళ్లను చూశాను. పొక్కు పెరగడానికి పట్టే కాలం తెలిస్తే ఆపరు.

రెండోది జలగ. కాలువ గట్ల మీద, పంట బోదెల్లో నత్తలు ఉన్న చోట కోసిన గడ్డితో కార్జపు జలగ పిల్లలు గేదె కడుపులోకి పోతాయి. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, దవడ కింద నీరు దిగుతుంది, పేడ పలచనవుతుంది. పేడ పరీక్ష చేయించి మందు వేయించండి. పాలిచ్చే గేదెకు ఏ మందు వాడవచ్చో, ఎన్నాళ్లు ఆ పాలు పోయకూడదో డాక్టరే చెప్పాలి.

ఇంకా ఈనని పడ్డలకైతే వయసు కన్నా బరువు ముఖ్యం. 300 కిలోలకు దగ్గరైతే గానీ సూది ఆలోచన చేయకండి.

ఎండాకాలం

గేదె పగటి పొద్దు తగ్గేటప్పుడు ఎక్కువగా ఎదకు వచ్చే పశువు. రాత్రి పొడవైనకొద్దీ మెదడులో మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది, అది అండాశయాన్ని నడిపించే హార్మోన్లను తట్టి లేపుతుంది. మన లెక్కలో దసరా నుంచి శివరాత్రి దాకా దానికి మంచి కాలం. వేసవిలో పొక్కులు లేవడం ఆగదు. పగిలేలా చేసే ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పెనలా రావాల్సింది రాదు. దానికి తోడు ఒళ్లంతా నలుపు, చెమట గ్రంథులు తక్కువ, మన గాలిలో ఉక్క.

ఏప్రిల్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపి కాలువలు కట్టేశాక గేదెకు పడుకునే నీళ్లు ఉండవు. అప్పుడు బోరు నీళ్లతో రోజుకు మూడు నాలుగుసార్లు తడపండి, పదకొండు నుంచి నాలుగు దాకా నీడలో ఉంచండి. తడి గోనె సంచులు పక్కల కట్టండి, కొట్టంలో గాలి ఆడేలా చూడండి. రేకుల కొట్టమైతే పైన తాటాకో కొబ్బరాకో కప్పండి. మేతలో ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజామున వేయండి. వేసవిలో ఎద రాత్రిపూట, ఇంకా మూగగా వస్తుంది, అందుకే పదింటి కాపు అప్పుడే మరీ ముఖ్యం. వేడి దెబ్బ తిన్న పొక్కుల ప్రభావం వానలు పడ్డాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. మొదటి ఎదకు నిలవకపోతే నిరాశపడకండి.

ఇంజెక్షన్ల సంగతి

ఎద తెప్పించే ఇంజెక్షన్లు మంచివే, సరైన గేదెకు సరైన రోజు పడితే. ప్రోస్టాగ్లాండిన్ సీఎల్‌ను కరిగిస్తుంది. సీఎల్ లేని గేదెకు ఇస్తే వృథా. ఎద తర్వాత మొదటి ఐదు రోజుల్లో లేత ముద్దకు ఇచ్చినా పని చేయదు. పని చేసినప్పుడు కూడా ఒక గేదె రెండో రోజే ఎదకు వస్తుంది, ఇంకోటి ఐదో రోజుకు. అప్పటికి పెద్ద పొక్కు తయారుగా ఉంటే తొందరగా, కొత్త విడత అప్పుడే లేచి ఉంటే ఆలస్యంగా. ఇంజెక్షన్ ఇచ్చాక రోజూ రెండు పూటలా చూడాలని చెప్పేది అందుకే.

తేదీ కట్టి సూది వేసే పద్ధతి ఇంకోటుంది, ఓవ్‌సింక్ అంటారు. మొదటి రోజు ఒక హార్మోన్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, ఇంకో రెండు రోజులకు మళ్లీ మొదటి హార్మోన్, ఆ తర్వాత 16 గంటల ప్రాంతంలో సూది. ఎద కనిపించకపోయినా వేయవచ్చు. లోపల ఎద చుట్టు చక్కగా తిరుగుతున్న మూగ ఎద గేదెలకు ఇది బాగా పనికొస్తుంది. ఒంట్లో శక్తి లేక అండాశయాలు ఎండిన గేదెకు ముందు మేపు, తర్వాత అవసరమైతే డాక్టర్ మానంలో ఏడు రోజులు పెట్టే ప్రొజెస్టెరాన్ పరికరం.

ఒక మాట మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. చూడి పరీక్ష చేయకుండా ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వనివ్వకండి. మూడేళ్ల కిందట మా రెండో ఈత గేదె ఎదకు రావడం లేదని ఒకాయనకు చెప్పాం. ఆయన చెయ్యి పెట్టి చూడలేదు, "ఒక ఇంజెక్షన్ ఇస్తే మూడు రోజుల్లో వస్తుంది" అని ఇచ్చి వెళ్లారు. మూడో రోజు పొద్దున కొట్టంలో దాని వెనక, పేడ పక్కన, అరచేతిలో పట్టేంత పిండం పడి ఉంది. నాలుగు కాళ్లూ, గిట్టలు మొలిచే చోటూ తెలుస్తున్నాయి. రెండున్నర నెలల కిందట వేయించిన సూది నిలిచిందని మాకు తెలియదు, ఎక్కడా రాసుకోలేదు. గోడ మీదికి క్యాలెండర్ వచ్చింది ఆ వారమే.

ఇంట్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ మందు సీసాను గానీ సిరంజీని గానీ ముట్టుకోకూడదు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

చూడి తేలాక

పరీక్షలో చూడి అని తేలిన రోజే క్యాలెండర్‌లో చివరి రెండు తేదీలు రాసేయండి. ముర్రా గేదెకు 310 రోజులు, నాలుగైదు రోజులు అటూ ఇటూ. నవంబరు 10న పడిన సూది నిలిస్తే వచ్చే ఏడు సెప్టెంబరు 16 ప్రాంతంలో ఈనుతుంది. దానికి 60 రోజుల ముందు, అంటే జులై 18కి, పాలు ఆపి వట్టిపోనివ్వాలి. ఆ రెండు నెలలూ దాణా మానేయకండి, ఈనాక పగలాల్సిన పొక్కులు అప్పుడే లోపల మొదలవుతుంటాయి. సెప్టెంబరులో ఈనిన గేదెకు 60 రోజులు నిండేది నవంబరు నడిమికి, చలి మొదలయ్యే వేళకు. అప్పటికి మీ క్యాలెండర్‌లో దాని పేరు మళ్లీ రాసి ఉండాలి.